మట్టిని నిలిపేది వేరు



కోవిల్‌పట్టి, విరుదునగర్ పట్టణాల్లో నివసించే తెలుగువారికి నల్లమట్టిని కొత్తగా పరిచయం చేయవలసిన పనిలేదు. తమిళంలో కరిసల్ అనీ, తెలుగులో రేగడి అనీ పేరు పొందిన ఈ నేలమీదనే ఇక్కడి తెలుగు కుటుంబాల పూర్వికులు పత్తి, జొన్న, సజ్జ, మినుము పండించుకొని బ్రతికారు. కోవిల్‌పట్టి సమీపంలోని ఇడైసెవల్ గ్రామంలో 1923లో జన్మించిన కి. రాజనారాయణన్ ఇంటిభాష తెలుగు. ఆయన తమిళంలో రచించిన ‘గోపల్ల గ్రామం’ నవల 1976లో వెలువడింది. తెలుగునాడు విడిచి దక్షిణానికి వలస వచ్చిన కుటుంబాలు ఇక్కడి అడవిని సాగునేలగా మార్చుకొన్న వృత్తాంతమే ఆ నవల. నేలను సంపాదించడం ఒక తరం చేసే పని. దానిని కొట్టుకుపోకుండా నిలుపుకోవడం మాత్రం ప్రతి తరమూ చేయవలసిన పని. ఈ ప్రసంగం ఆ రెండవ పనిని గురించినది.

నేడు ఆ కుటుంబాల్లో అనేకులు పొలం విడిచి పట్టణం చేరారు. అగ్గిపెట్టెల కర్మాగారాల్లో, నూలు మిల్లుల్లో, అంగళ్ళలో, కార్యాలయాల్లో పనిచేస్తున్నారు. మట్టి సంగతి రైతుకు సంబంధించినది, పట్టణవాసికి దానితో పనిలేదు అనే భావం సహజంగానే ఏర్పడుతుంది. ఆ భావం సరియైనది కాదు. పట్టణపు ఇళ్ళు చాలాచోట్ల చెరువు కట్టకు దిగువనే ఉన్నవి. పట్టణపు వీధికాలువలు నిండేది చెత్తతో మాత్రమే కాదు, ఎగువనుండి కొట్టుకువచ్చిన మట్టితో కూడాను. తమిళనాడు పట్టణాల పారిశుద్ధ్య కార్మికుల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలవారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వాన వెలసిన మరునాడు కాలువలోని బురదను ఎత్తిపోసేది వారే. ఎవరో వదిలివేసిన మట్టిని మోసేది వారి భుజాలు. కనుక నేలకోత పట్టణ సమస్య కూడా.

ముందుగా ఇక్కడి వాన స్వభావాన్ని గమనించాలి. ఈ ప్రాంతంలో సంవత్సరానికి కురిసే వాన సుమారు 700 మిల్లీమీటర్లు. అందులో పెద్దభాగం అక్టోబరు నుండి డిసెంబరు వరకు, ఈశాన్య ఋతుపవనాల కాలంలో, కొద్ది దినాల్లోనే కురిసిపోతుంది. మిగిలిన కాలమంతా ఎండ. అంటే సంవత్సరంలో అత్యధిక కాలం నేల ఎండి, వడలి, పచ్చదనం కోల్పోయి ఉండగా, కొద్ది దినాల్లో మాత్రం పెనుజల్లు దానిమీద పడుతుంది. 2023 డిసెంబరు 17, 18 తేదీల్లో జరిగినది అందరికీ జ్ఞాపకమే. కోవిల్‌పట్టి ఉన్న తూత్తుకుడి జిల్లాలోనే, కాయల్‌పట్టినంలో 24 గంటల్లో సుమారు 95 సెంటీమీటర్ల వాన నమోదైంది. ఏడాది పొడవునా కురియవలసిన దానికంటె ఎక్కువ నీరు ఒక్క పగలు, ఒక్క రాత్రిలో పడింది. తూత్తుకుడి, తిరునెల్వేలి జిల్లాల్లో అనేక చెరువులకు గండ్లు పడి, ఊళ్ళు నీట మునిగాయి.

నేలకోత వరదనాడే మొదలు కాదు, మొదటి చినుకుతోనే మొదలవుతుంది. పెద్ద వానచినుకు సెకనుకు సుమారు 9 మీటర్ల వేగంతో, అనగా పరుగెత్తే సైకిలు కంటె వేగంగా నేలను తాకుతుంది. బట్టబయలుగా ఉన్న నేలమీద ఆ దెబ్బకు మట్టిగడ్డ చితికి పొడి అవుతుంది. ఆ సన్నని పొడి నేలలోని రంధ్రాలను పూడ్చివేస్తుంది. నీరు లోపలికి దిగే దారి మూసుకుపోగా, పైననే పారడం ఆరంభిస్తుంది. పారే నీరు సన్నని చారలుగా, చారలు పిల్లకాలువలుగా, అవి వాగులుగా కలుస్తాయి. నీటి వేగం పెరిగేకొద్దీ అది మోయగల మట్టి పరిమాణం అనేక రెట్లు పెరుగుతుంది. భారతదేశంలో ఈ విధంగా కదిలిపోతున్న మట్టిని గూర్చి 1983లో ప్రకటితమైన అంచనా నేటికీ తరచుగా ఉదహరింపబడుతున్నది. దాని ప్రకారం సంవత్సరానికి 533 కోట్ల టన్నులు, హెక్టారుకు సగటున 16.4 టన్నులు కదిలిపోతున్నవి. ఇది నేలంతటిమీద సుమారు ఒక మిల్లీమీటరు పొరకు సమానం. చూపుకు కనిపించని ఈ పొర తిరిగి ఏర్పడడానికి అనేక సంవత్సరాలు కావాలి.

నల్లరేగడికి ఒక ప్రత్యేకమైన బలహీనత ఉన్నది. ఇందులోని బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. వేసవిలో చేయి దూరేంత వెడల్పుగా పడే బీటలు అందుచేతనే ఏర్పడతాయి. తొలివానకు ఆ బీటల్లోకి నీరు చకచకా దిగిపోతుంది. రెండు మూడు వానలకు మట్టి ఉబ్బి బీటలన్నీ పూడుకుపోగానే, నేల మూతపెట్టిన పాత్రవలె మారిపోతుంది. ఆపై కురిసిన వాన ఇంకే చోటులేక పైననే పారుతుంది. చెరువు కట్టను ఈ మట్టితోనే పోసినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. వేసవిలో కట్టకు పడిన బీటలు వానాకాలంలో నీటికి లోపలిదారులవుతాయి.

ఇటువంటి నేలను పట్టి ఉంచేవి వేళ్ళు. అవి నాలుగు విధాలుగా పనిచేస్తాయి.

మొదటిది, లాగుడును తట్టుకోవడం. మట్టి బరువును మోయగలదు, కాని లాగితే విడిపోతుంది. గోడ కట్టడానికి మట్టిలో వరిగడ్డి తొక్కించే పద్ధతి అందరికీ తెలిసినదే. గడ్డిపోచలు మట్టికి లేని లాగుడుబలాన్ని దానికి చేకూరుస్తాయి. కాంక్రీటులో ఇనుపచువ్వలు చేసే పని కూడా అదే. నేలలో సజీవమైన వేళ్ళు ఈ పనినే చేస్తాయి. ఇందులో ఒక విశేషమున్నది. లావుపాటి వేళ్ళకంటె సన్నని వేళ్ళు, తమ మందంతో పోల్చి చూస్తే, ఎక్కువ బలమైనవి. కనుక మట్టిని గట్టిపరచేది ఒకటి రెండు మోటువేళ్ళు కాదు, వేలకొలది సన్నని పీచువేళ్ళు.

రెండవది, అతికించడం. వేళ్ళు నేలలోకి జిగురువంటి పదార్థాలను స్రవిస్తాయి. వాటిని ఆహారంగా చేసుకొని సూక్ష్మజీవులు బ్రతుకుతాయి. వేళ్ళతో కలిసి జీవించే శిలీంధ్రాల నూలుపోగులవంటి తంతువులు మట్టిరేణువులను చుట్టి చిన్న చిన్న గుళికలుగా కడతాయి. ఇటువంటి గుళికలున్న మట్టిని నీటిలో వేస్తే వెంటనే కరగదు. వేరులేని మట్టిగడ్డ క్షణాల్లో బురద అవుతుంది. ఈ భేదాన్ని ఎవరైనా రెండు గాజుగ్లాసుల నీటితో ఇంటిలోనే పరీక్షించి చూడవచ్చును. బడిపిల్లలకు ఇది మంచి పాఠం.

మూడవది, నీటికి దారి ఇవ్వడం. పచ్చిక నేలలో వేళ్ళు పెరుగుతూ, చనిపోతూ, సన్నని గొట్టాలవంటి దారులను ఏర్పరుస్తాయి. వాటిద్వారా నీరు లోపలికి దిగుతుంది. పైన పారే నీరు ఎంత తగ్గితే కోత అంత తగ్గుతుంది.

నాలుగవది, పైని ఆకుల పని. ఆకులు, కాండాలు, రాలిన చెత్త చినుకు దెబ్బను తాము కాస్తాయి, పారే నీటి వేగాన్ని తగ్గిస్తాయి. అయితే ఆకులను నిలబెట్టేదీ, మేసినా కోసినా మళ్ళీ చిగురింపజేసేదీ వేరే.

వేరు తెగిన నేల ఏమవుతుందో ప్రపంచం ఒకసారి పెద్ద ఎత్తున చూసింది. అమెరికా మధ్య మైదానాల్లో శతాబ్దాలుగా అల్లుకొన్న గడ్డివేళ్ళ పొరను గోధుమ సాగుకోసం దున్నివేశారు. 1930 దశకంలో కరవు రాగా, పట్టువిడిన ఆ మట్టి గాలికి లేచి వందల మైళ్ళ దూరం ధూళి తుపానులుగా కొట్టుకుపోయింది. లక్షలాది ప్రజలు ఇళ్ళు విడిచి వలసపోయారు. 1935లో అక్కడి ప్రభుత్వం నేల సంరక్షణకు ప్రత్యేక శాఖను నెలకొల్పింది. అక్కడ మట్టిని కదిలించినది గాలి, ఇక్కడ కదిలించేది నీరు. కారణం మాత్రం రెండుచోట్లా ఒకటే.

ఏ మొక్క వేరు ఏ పనికి తగినది అనే ప్రశ్న ఇప్పుడు ముఖ్యమైనది. ఈ విషయంలో తెలుగిళ్ళకు చిరపరిచితమైన మొక్క ఒకటి ఉన్నది. అది వట్టివేరు. వేసవిలో తడికెలుగా అల్లి నీళ్ళు చల్లుకొనేది, మంచినీటి కుండలో సువాసనకు వేసుకొనేది ఈ వేరే. దీని వేళ్ళు పక్కలకు ఎక్కువగా పాకకుండా తిన్నగా 3 మీటర్ల లోతు వరకు దిగుతాయి. కొలతల్లో దాని వేరు లాగుడుబలం మెత్తని ఉక్కు బలంలో సుమారు ఆరోవంతు ఉన్నట్లు తేలింది. దగ్గర దగ్గరగా వరుసలో నాటితే దుబ్బులు కలిసిపోయి పచ్చని గోడవలె నిలుస్తాయి. నీరు ఆ గోడగుండా మెల్లగా సాగిపోతుంది, మట్టి ఎగువననే ఆగిపోతుంది. కర్ణాటకలోని గుండ్లుపేట ప్రాంతపు రైతులు తరతరాలుగా పొలం గట్లమీద దీనిని పెంచుతున్నారు. తెలుగు, తమిళ కుటుంబాలు చెరకు తోటల కూలీలుగా వలసపోయిన ఫిజీ దీవుల్లో, 1950 దశకంలో, ఏటవాలు చెరకు నేలలను కాపాడడానికి ఈ వట్టివేరు వరుసలనే వాడారు. దక్షిణ భారతదేశపు వట్టివేరు రకం విత్తనాలతో వ్యాపించదు, పిలకలతోనే నాటాలి. కనుక ఇది కలుపుమొక్కగా మారి పొలాలను ఆక్రమిస్తుందనే భయం లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. కట్ట రక్షణకు నాటిన వట్టివేరును అత్తరుకోసం, తడికెలకోసం తవ్వరాదు. తవ్వితే ఏ మట్టిని కాపాడడానికి నాటారో ఆ మట్టినే వదులు చేసినట్లవుతుంది.

వట్టివేరు ఒక్కటే మార్గం కాదు. గరిక నేలమీద పరుచుకొని కణుపు కణుపుకూ వేరు దించి పైపొరను చాపవలె కప్పుతుంది. తమిళంలో కొళుక్కట్టై పుల్ అని పిలిచే గడ్డి ఎండను తట్టుకొని దుబ్బుకట్టి, పశువులకు మేతగా కూడా పనికివస్తుంది. వెంపలి మొక్క ఎవరూ నాటకుండానే బంజరుల్లో మొలిచి నేలకు సారాన్ని ఇస్తుంది. తాటిచెట్టు వేళ్ళు మోటు తల్లివేరుగా కాక, లెక్కలేనన్ని తాళ్ళవలె మొదలునుండి అన్ని వైపులకు వ్యాపిస్తాయి. చెరువు గట్ల వెంట, దారుల వెంట తాళ్ళను వరుసగా నాటిన పెద్దలు కల్లుకోసమో, తాటాకుకోసమో మాత్రమే నాటలేదు. కానుగ, గంగరావి, వేప వంటి చెట్లు కట్టకు దూరంగా, ఊరణి చుట్టు దారివెంట, వాగు ఒడ్డున తగినవి.

ఇక ఈ రెండు పట్టణాల పరిసరాల్లో నిత్యం చర్చకు వచ్చే చెట్టు సీమై కరువేలం. తెలుగులో దీనిని సర్కారు తుమ్మ అంటారు. దీని భారతదేశ ప్రవేశానికి తెలుగునేలతోనే సంబంధమున్నది. 1877లో జమైకా దీవినుండి తెప్పించిన విత్తనాలను కడప జిల్లా కమలాపురంలో నాటారు. నీరులేని చోట కూడా పెరిగే వంటచెరకుగా దానిని ఆదరించారు. కాలక్రమంలో అది దక్షిణ జిల్లాల చెరువు గర్భాలను, కాలువలను, బీళ్ళను ఆక్రమించింది. 2017లో మద్రాసు ఉన్నత న్యాయస్థానపు మదురై ధర్మాసనం ఈ చెట్టు తొలగింపుపై ఆదేశాలు ఇవ్వగా, దక్షిణ జిల్లాల్లో యంత్రాలతో పెద్దయెత్తున తొలగింపు సాగింది. 2022లో తమిళనాడు ప్రభుత్వం ఆక్రమణకారక మొక్కల విషయమై ఒక విధానాన్ని కూడా ప్రకటించింది.

ఈ చెట్టు చెరువు గర్భంలో ఉండరాదు అనడంలో సందేహం లేదు. అది నీటికి చోటు లేకుండా చేస్తుంది, తనకింద మరొక గడ్డిని సులభంగా పెరగనీయదు. అయితే కట్టమీదా, వాగు ఒడ్డునా దాని వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతున్నవనే సంగతి కూడా నిజమే. బొగ్గు కాల్చి బ్రతికే అనేక పేద కుటుంబాలకు అది జీవనాధారం అనేదీ నిజమే. అందువలన అసలు ప్రశ్న తీయాలా వద్దా అన్నది మాత్రమే కాదు. ఎప్పుడు తీయాలి, ఏ విధంగా తీయాలి, తీసిన చోట వెంటనే ఏమి నాటాలి అన్నవి అసలైన ప్రశ్నలు.

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కట్టమీద యంత్రం ఎక్కించి, చెట్లను వేళ్ళతో సహా పెరికి, ఆ గుంటలను వదులు మట్టితో నింపి వదిలివేస్తే, అక్టోబరు వానకు ఆ కట్ట కవచం ఊడదీసిన యోధునివలె నిలబడుతుంది. పనిచేసినట్లు కనిపిస్తుంది, కట్ట శుభ్రంగా కనిపిస్తుంది, కాని అది గతంలోకంటె బలహీనంగా ఉంటుంది. మరొక పొరపాటు చెట్టును పైన నరికివేసి ఊరుకోవడం. అది మొదటినుండి మళ్ళీ చిగురిస్తుంది. చచ్చిన చోట మాత్రం లావుపాటి వేళ్ళు కుళ్ళి, కట్టలోపల గొట్టాలవంటి ఖాళీలు మిగులుతాయి. చెరువు నిండినప్పుడు నీరు ఆ ఖాళీలగుండా దారి చేసుకొంటుంది. చిన్న ఊటగా మొదలైనది మట్టిని కొరుక్కుంటూ గండిగా మారుతుంది. కట్టమీద ఏ మహావృక్షాన్నీ పెంచరాదనే నియమానికి కారణం కూడా ఇదే. పెద్ద చెట్టు గాలికి కూలితే తన వేరుగడ్డతోపాటు కట్టలో కొంత భాగాన్ని లేపుకొని పోతుంది.

సరియైన క్రమం ఈ విధంగా ఉంటుంది. వానాకాలం ముగిసి చెరువు నీరు తగ్గుముఖం పట్టిన తర్వాత, తొలగింపు పని ఆరంభించాలి. చెరువు గర్భంలోని చెట్లను ముందుగా తీయాలి. కట్టమీది చెట్లను ఒకేసారి కాక, భాగాలుగా, నేలమట్టానికి కొంత దిగువన మొదలు తెగేటట్లు తీసి, గుంటను పొరపొరగా మట్టివేసి దిమ్మిస కొట్టాలి. వేసవి చివరి జల్లులకు, అందుబాటులో ఉన్న నీటితో, గడ్డి పిలకలు నాటాలి. పెద్ద వాన వచ్చేనాటికి ఆ గడ్డికి వేరు పట్టి ఉండాలి. ఈ సూత్రం ఇక్కడి రైతుకు కొత్తది కాదు. 1901లో ఏర్పడిన కోవిల్‌పట్టి వ్యవసాయ పరిశోధనా కేంద్రం నల్లరేగడి మెట్టసాగుకు చేసిన సిఫారసుల్లో, ఋతుపవనాలకు ముందే పొడినేలలో విత్తనం వేసే పద్ధతి ఒకటి. వాన వచ్చేసరికి విత్తనం నేలలో సిద్ధంగా ఉండాలని దాని ఉద్దేశం. పైరుకు వర్తించేది కట్టకూ వర్తిస్తుంది.

వేళ్ళ శక్తికి హద్దులు ఉన్నవని కూడా తెలిసి ఉండాలి. గడ్డివేళ్ళు పైపొరను కాపాడతాయి, అంతకంటె లోతున కట్ట జారిపోతుంటే ఆపలేవు. కలుజు పూడిపోయి నీరు కట్టమీదుగా పొర్లితే ఏ గడ్డీ ఎక్కువసేపు నిలువలేదు. కట్ట పాదంవద్ద మట్టి తవ్వి అమ్ముకొన్న చోట వట్టివేరు నాటి ప్రయోజనం లేదు. ఇంజనీరు పనిని వేరు చేయదు, వేరు పనిని ఇంజనీరు చేయలేడు. రెండూ కావాలి.

పట్టణవాసులు చేయగలిగినవి కొన్ని ఉన్నవి. ఇల్లు కట్టేటప్పుడు తవ్విన మట్టిని వీధిలో పోసి వదలకుండా, వానకు ముందే తరలించడం లేదా చుట్టూ ఇటుకవరుస పెట్టి కప్పి ఉంచడం మొదటిది. వేసవిలో చెరువు కట్టమీద, ఊరణి గట్టుమీద ఎండుగడ్డికి నిప్పు పెట్టకుండా ఉండడం రెండవది. ఎండినట్లు కనిపించే ఆ దుబ్బు క్రింద వేరు సజీవంగానే ఉంటుంది. కొత్తగా నాటిన గట్టుమీద మొదటి సంవత్సరం మేకలను, పశువులను తోలకుండా ఉండడం మూడవది. నీటిగొట్టంకోసం, కేబులుకోసం కందకం తవ్వేటప్పుడు చెట్టుకు ఒకవైపు వేళ్ళన్నీ తెగిపోకుండా చూడడం నాలుగవది. ఆ విధంగా వేరు తెగిన చెట్టు తరువాతి గాలివానలో ఇంటిమీద పడవచ్చును. చెట్టు మొదలు వరకు సిమెంటు పరచకుండా ఉండడం అయిదవది. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దిల్లీలో చెట్ల మొదళ్ళ చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తొలగించాలని ఆదేశించడం ఇందువల్లనే.

మరొక విషయం. చెట్లు నాటే ఉత్సవంలో లెక్కపెట్టేది మొక్కల సంఖ్యను మాత్రమే. నేలను కాపాడేది నాటిన మొక్క కాదు, వేరు పట్టిన మొక్క. నూరు మొక్కలు నాటి మరచిపోవడంకంటె, పది గజాల గట్టును గడ్డితో కప్పి రెండు వేసవులు నీళ్ళు పోసి నిలబెట్టడం కట్ట దిగువన నివసించేవారికి ఎక్కువ మేలు చేస్తుంది. ఇది డబ్బుకంటె శ్రద్ధ ఎక్కువగా కోరే పని. వీధి సంఘాలు, మహిళా సంఘాలు, పాఠశాలలు తలా కొంత గట్టును తమదిగా స్వీకరిస్తే సాధ్యమయ్యే పని.

సెప్టెంబరు చివరి వారంలో ఒక ఉదయం తమ ఇంటికి దగ్గరలోని చెరువు కట్టమీద నడిచి చూడవలసినదిగా సభాసదులకు విన్నపం. ఎక్కడ గడ్డి ఉన్నదో, ఎక్కడ మట్టి బయటపడి ఉన్నదో, ఎక్కడ బీటలు, కుళ్ళిన మొదళ్ళు, ఎలుక బొరియలు, తడిమచ్చలు కనిపిస్తున్నవో గుర్తుపెట్టుకొని పురపాలక కార్యాలయంలో రాతపూర్వకంగా తెలియజేయాలి. చెరువు మరొక శాఖ అధీనంలో ఉంటే ఆ శాఖకు ఫిర్యాదు పంపవలసినదిగా కోరాలి. అక్టోబరు వాన పడిన తర్వాత చూస్తే మిగిలేది గండిని చూడడమే.